కళ్లు మండకపోతే అది కడగడమేనా?

మన సంస్కృతి మీద జరుగుతున్న దాడుల జాబితాలో ఈ మధ్య ఇంకొకటి చేరింది. బాత్రూం గోడల మీది నల్లబూజును దగ్గు రాకుండా, కళ్లు మండకుండా, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా వదిలించవచ్చని కొందరు ప్రచారం చేస్తున్నారు. బాధ్యత గల తిరుపతి పౌరుడిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందుగా ఊరి పరిస్థితి. తిరుపతిలో ఇల్లున్నవాడి బాత్రూం ఆరడమంటూ ఉండదు. దర్శనానికి చుట్టాలొస్తారు. రాత్రి పదకొండింటికి దిగి, రెండింటికే లేచి, గీజర్ వేసి, ఇంటిల్లిపాదీ వరసగా తలస్నానాలు చేసి కొండకు పోతారు. తడి తువ్వాళ్లన్నీ తలుపు మీద. మర్నాడు గుండ్లతో దిగొచ్చి, రైలు టైముకు ముందు మళ్లీ స్నానాలు. వాళ్లు రైలెక్కుతుండగానే ఇంకో బ్యాచ్ రేణిగుంటలో దిగి ఫోన్ చేస్తుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో వీధులే వాగులైన ఊరు మనది. ఆ నెలల్లో ఉతికిన బట్టలు కూడా బాత్రూంలోనే ఆరేస్తాం. ఆరేయడమే, అవి ఆరవు. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే. దర్శనం టికెట్ల కోసం మనం కాచుకున్నట్టు అవి తడి కోసం కాచుకుని ఉంటాయి. దొరికిందా, ఒకటి రెండు రోజుల్లో కాపురం పెట్టేస్తాయి.

వెంటిలేటర్లు లేవా అంటారు. ఉన్నాయి. కోతులు దూరతాయని దానికి ఒక అట్ట, దోమలు దూరతాయని ఆ అట్ట మీద ఇంకో అట్ట, పక్కింటి కిటికీ రెండడుగుల దూరంలోనే ఉంది కాబట్టి పైన ఒక పాత క్యాలెండరు (దేవుడి బొమ్మ ఉన్నది కాదులెండి). ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం బిల్డరు గుండ్రంగా వదిలిన కంతలో ప్లాస్టిక్ కవర్లు కుక్కాం. ఇంత పకడ్బందీగా మూసిన గదిలో యాసిడ్ పోసి, వాసన హాల్లోకి రాకుండా తలుపు కూడా దగ్గరికి వేసుకుని కడగడం మన సంప్రదాయం. హాల్లో ఉబ్బసం ఉన్న అవ్వ ఉంటుంది కదా, ఆ మాత్రం జాగ్రత్త మనకు తెలుసు.

యాసిడ్ కొనడమూ ఒక కళే. 2013లో సుప్రీంకోర్టు దాని అమ్మకాలకు పగ్గాలు వేసింది. కొనేవాడి గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నాడో రిజిస్టరులో రాసుకోవాలి. సైకిల్ మీద సీసాలు తెచ్చే మనిషి మనల్ని ఇంత ఇబ్బంది పెట్టడు. "ఎన్ని?" అంటాడు, అంతే.

యాసిడ్ ఒక్కటే చాలదనుకునే గృహస్థులు అందులో బ్లీచింగ్ పౌడరు కూడా కలుపుతారు. ఒకటి మంచిదైతే రెండూ కలిస్తే ఇంకెంత మంచిదో అని లెక్క. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. 1925లో పలు దేశాలు జెనీవాలో చేరి, యుద్ధంలో విషవాయువులు వాడబోమని ఒప్పందం చేసుకున్నాయి. అందులో బాత్రూంల ప్రస్తావన లేదు. సైనికులకు లేని స్వేచ్ఛ మనకుంది, దాన్ని కాపాడుకోవాలి.

పైగా ఈ వాయువుకు మన ఇంటి మర్యాదలన్నీ తెలుసు. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి కిందనే పేరుకుంటుంది. గుమ్మం దగ్గర నిలబడి "ఆ మూల ఇంకా నల్లగానే ఉంది చూడు" అని సలహా ఇచ్చే ఇంటాయన ముక్కు ఐదడుగుల ఎత్తులో క్షేమం. నేల మీద గొంతుకూర్చుని రుద్దే ఇల్లాలికో, పనమ్మాయికో మొదటి వాటా.

ఈ సంప్రదాయానికి మా అపార్ట్‌మెంట్‌లో ఒకే ఒక్క శత్రువు, రిటైరైన కెమిస్ట్రీ అయివారు. "యాసిడ్ తినేది బూజునొక్కదాన్నే కాదు నాయనా, టైల్స్ మధ్య సిమెంటును కూడా తింటుంది. గుంతలు పడతాయి, గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, బూజు మళ్లీ వస్తుంది. నువ్వు దానికి ఇల్లు కట్టిస్తున్నావు" అంటారు. అయితే ఏం? ఎన్నాళ్లు తిరిగినా మనుషులకే పక్కా ఇల్లు రాని రోజుల్లో బూజుకైనా వచ్చింది.

ఆయన పద్ధతి వింటే మీకూ జాలేస్తుంది. మొదట తలుపు, వెంటిలేటర్ బార్లా తెరుస్తారు. అక్కడే సగం పరువు పోయింది. గోబీ మంచూరియా బండి మీద ఉండే తెల్ల వెనిగర్‌నే నీళ్లు కలపకుండా స్ప్రే సీసాలో పోసి నల్లమచ్చల మీద కొడతారు. ఒక గంట వదిలేస్తారు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తడి మీదనే రుద్దుతారు, పొడిగా రుద్దితే బీజాలు గాలిలోకి లేస్తాయట. కడిగి, గోడలను కూడా వైపర్‌తో లాగేస్తారు. మార్బుల్ ఉన్నచోట వెనిగర్ పడనివ్వరు, రాయిని తింటుందని. అక్కడ వంటసోడా ముద్ద. మొండి మచ్చలకు మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పది నిమిషాలు. దాన్నీ వెనిగర్‌నూ ఒకే సీసాలో కలపరు. బ్లీచింగ్‌ను ఆ రెంటి దాపులకే రానివ్వరు, వెనిగర్‌తో కలిసినా క్లోరిన్ పుడుతుందని. ఇవన్నీ అయ్యాక, కారే కొళాయికి వాషరు మార్చకపోతే ఎన్నిసార్లు రుద్దినా దండగే అంటారు. ఒక్క ఆవేశం లేదు, ఒక్క తుమ్ము లేదు. ఇదీ ఒక కడగడమేనా?

మా వదిన నయం. ఫోన్‌లో చూసి వెనిగర్, వంటసోడా కలిపి పోసింది. బుసబుసా పొంగింది. మేమందరం చప్పట్లు కొట్టాం. అయివారు వచ్చి, ఆ పొంగు కార్బన్ డయాక్సైడని, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకున్నాయని, ఇక ఆ నీళ్లతో మచ్చ పోదని చెప్పారు. చప్పట్లయ్యాక కెమిస్ట్రీ చెప్పేవాళ్లంటే ఎవరికి గిడుతుంది!

అద్దె ఇళ్ల యజమానులను చూసైనా ఆయన నేర్చుకోవాల్సింది. కొత్తవాళ్లు దిగే ముందు బూజు మీదే తెల్ల పెయింటు కొట్టిస్తారు. పెయింటు పెచ్చులూడి బూజు బయటపడేసరికి, ఆ ఖర్చు అద్దెవాడి అడ్వాన్సులో కోసుకుంటారు. వాసన లేదు, శ్రమ లేదు, ఆదాయం కూడా ఉంది.

ఈ నేపథ్యంలో మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశమై కొన్ని తీర్మానాలు చేసింది. వెంటిలేటర్ల అట్టలు తీయరాదు. యాసిడ్ అందరికీ కలిపి టోకున తెప్పించాలి. పై అంతస్తుకు దగ్గు వినపడితేనే ఆ ఫ్లాట్ కడిగినట్టు లెక్క. అయివారు ఒక్కరే వ్యతిరేకించి, "వచ్చి నా బాత్రూం చూసి మాట్లాడండి" అన్నారు. కమిటీ మొత్తం కదిలింది. మూలమూలా వెతికాం. ఒక్క నల్లచుక్క లేదు, నేల పొడిగా ఉంది. సెక్రటరీ లోపలికి పోయి గట్టిగా గాలి పీల్చి, ఏ వాసనా తగలక, బయటికొచ్చి పెదవి విరిచాడు. రిజిస్టరులో ఆ ఫ్లాటుకు ఎదురుగా "ఇంకా కడగలేదు" అని రాసి అందరం సంతకాలు పెట్టాం.