ట్రావెలర్ రూల్స్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

మొన్న ఆదివారం ఒక్క పూటలో ఆ మెసేజ్ నాకు నలుగురు పంపారు. అందులో ఇద్దరు తిరుపతిలో మా బైరాగిపట్టెడ రూమ్‌లో నా పక్కన కూర్చుని ఆడేవాళ్ళే. ట్రావెలర్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర కాగితం మీద రాసుకుని, పాచికలు వేస్తూ అంతరిక్ష ఓడల కథ నడిపే ఆట. మెసేజ్ సారాంశం ఇది: ఆ ఆటని పుస్తకంలో ఉన్నట్టు ఆడితే సాగదు. క్యారెక్టర్, అంటే మనం ఆడే పాత్ర, తయారయ్యేలోపే చస్తాడు. రెండు పార్సెక్‌ల (పార్సెక్ అంటే నక్షత్రాల మధ్య దూరాల కొలత) జంప్‌కి, అంటే ఓడ ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకే ప్రయాణానికి, రెండు వారాలు పడుతుంది. 200 టన్నుల ఓడ అంటే ఐదారు లారీల సరుకు బరువే. రెండు ఆరులు పడితే ఏ పనైనా అయిపోతుంది కాబట్టి స్కిల్స్ దండగ. లెవెల్స్ (ఆడేకొద్దీ పాత్ర ఎక్కే మెట్లు) లేవు కాబట్టి ఎదుగుదల లేదు. అందుకని రూల్స్ అన్నీ మార్చుకోండి అని చివర్లో సలహా.

మార్చుకోవడం తప్పని నేననను. మేమూ కొన్ని మార్చుకున్నాం. కానీ పుస్తకంలో లేనిదాన్ని మార్చడం ఏంది సామీ?

అసలు గొడవ ఎక్కడొచ్చిందంటే, 1977లో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ వేసిన మూడు చిన్న నల్ల పుస్తకాల రూల్స్‌నీ, 2008 నుంచి మాంగూస్ కంపెనీ వేస్తున్న ఎడిషన్ల రూల్స్‌నీ ఒకే గిన్నెలో వేసి కలిపేశారు. పైన తాలింపుగా కత్తులూ రాక్షసుల ఆటల అలవాట్లు వేశారు. కాబట్టి ఏది ఎక్కడిదో చెబుతూ పోతాను.

ముందు చావు సంగతి. ఇది సగం నిజం. 1977 రూల్స్‌లో క్యారెక్టర్ 18 ఏళ్ళకి ఏదో ఒక సర్వీసులో చేరతాడు. నాలుగేళ్ళు ఒక టర్మ్. టర్మ్ టర్మ్‌కీ రెండు పాచికలు వేసి బతికాడో లేదో చూడాలి. నేవీలో 5 వస్తే చాలు, స్కౌట్స్‌లో 7 రావాలి. తప్పితే పోయినట్టే, కొత్త కాగితం తీసుకోవాలి. 7 గానీ అంతకు మించి గానీ పడడానికి 36లో 21 అవకాశాలు. ఈ లెక్కన నూరు మంది స్కౌట్లు చేరితే నాలుగు టర్ములు గట్టెక్కేది సుమారు పన్నెండు మంది. ఎండ్యూరెన్స్ (ఒంటి ఓర్పు) 9 ఉన్నవాడికి పాచికల మొత్తానికి 2 కలుస్తుంది, అప్పుడు నలభై ఎనిమిది మంది మిగులుతారు. అంటే మెసేజ్‌లో చెప్పిన భయం ఉత్తిదేం కాదు.

మా వాడొకడు పాచికలు మంచం కిందికి దొర్లిపోకుండా స్టీలు పళ్ళెంలో వేస్తాడు. పోయిన నెల వాడి స్కౌట్‌కి మూడో టర్మ్‌లో ఒకటీ ఒకటీ పడింది. పళ్ళెం మోతకి కింద నుంచి ఓనరాంటీ "ఏం పగలగొడతా ఉండారు నాయనా" అని కేకేసింది. "నా స్కౌట్ పోయినాడు ఆంటీ" అన్నాడు వీడు. ఆమె ఇంకేమీ అడగలేదు. పావుగంటలో వాడు ఇంకొకణ్ణి రాసుకున్నాడు. సాయంత్రమేమీ పాడవలేదు.

పైగా ఆ చావు అక్కడ ఊరికే పెట్టలేదు. ఇంకో టర్మ్ చేస్తే ఇంకొన్ని స్కిల్స్ వస్తాయి. చేస్తే పోవచ్చు కూడా. 34 దాటితే వయసు మీద పడి ఒంట్లో బలం తగ్గడం మొదలవుతుంది. ఆ ఆశ, ఈ భయం మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే మొదటి ఆట. వద్దనుకునేవాళ్ళకి 1981 ముద్రణలోనే వేరే దారి ఇచ్చారు: బతుకు పాచిక తప్పితే గాయపడి, ఆ టర్మ్‌లో రెండేళ్ళే చేసి బయటికొస్తాడు. మాంగూస్ ఎడిషన్‌లో మామూలు రూలే అలాంటిది. ఏదో ప్రమాదమో రచ్చో జరిగి ఉద్యోగం పోతుంది, ప్రాణం కాదు.

జంప్ విషయం మాత్రం పూర్తిగా తప్పు. ఒక పార్సెక్ అయినా ఆరు పార్సెక్‌లు అయినా జంప్‌కి పట్టేది వారమే, అటూ ఇటూగా 168 గంటలు. మాంగూస్ వాళ్ళు దానికి పాచికలు కూడా పెట్టారు: 148కి ఆరు పాచికల మొత్తం కలపాలి. ఎంత తక్కువ పడినా 154 గంటలు, ఎంత ఎక్కువ పడినా 184. దూరంతో పెరిగేది ఇంధనం. పార్సెక్‌కి ఓడలో పదో వంతు.

మనూరి వాళ్ళకి ఇది ఇంకొకరు చెప్పాలా? రేణిగుంట నుంచి వచ్చినా కాశీ నుంచి వచ్చినా, వైకుంఠం కాంప్లెక్స్‌లో ఒకే కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాక ఇద్దరూ ఒకేలా కాచుకోవాల్సిందే. ఎంత దూరం నుంచి వచ్చావని తలుపు ముందు తీయరు.

రెండు వారాల మాట ఎలా పుట్టిందో ఊహించగలను. జంప్-1 ఇంజన్ (ఒక్కసారికి ఒక్క పార్సెకే దూకగలిగేది) ఉన్న ఓడ రెండు పార్సెక్‌లు పోవాలంటే రెండు జంప్‌లు చేయాలి, నడుమ ఇంధనం నింపుకోవాలి. అప్పుడు రెండు వారాలు పడతాయి. అది ఓడ తక్కువతనం, జంప్ రూల్ కాదు. ఇంకోటి, గ్రహం వ్యాసానికి నూరింతల దూరం వెళ్ళాకే జంప్ చేయాలి. భూమి లాంటి గ్రహమైతే దాదాపు పన్నెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్లు. 1జి త్వరణంతో (భూమి మనల్ని లాగేంత జోరుతో) సగం దారి పరిగెత్తి, మిగతా సగం బ్రేకు వేసుకుంటూ పోతే ఆరు గంటల పైచిలుకు. మా రిఫరీ అన్న, అంటే ఆట నడిపేవాడు, దీన్ని ఎప్పుడూ మర్చిపోడు. దొంగల ఓడలు వెంటపడేది సరిగ్గా ఆ ఆరు గంటల్లోనే.

ఇక టన్ను. ఇది చదివినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే మొదటి నెల మేమూ ఇదే తప్పు చేశాం. ఈ ఆటలో ఓడ టన్ను బరువు కాదు, జాగా. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టే చోటు, సుమారు 14 ఘనమీటర్లు. హైడ్రోజన్ అంత తేలిక. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ పైదశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ రెండూ ఉంటాయి. బరువు తక్కువున్న హైడ్రోజన్‌కే పెద్ద ట్యాంకు కావాలి.

మేం కూర్చునే రూమ్ పది బై పది, ఎత్తు కూడా పదడుగులే. అంటే 28 ఘనమీటర్లు, ఆట లెక్కలో రెండు టన్నులు. 200 టన్నుల ఫ్రీ ట్రేడర్ (సరుకూ మనుషులనీ మోసే చిన్న వ్యాపార ఓడ) అంటే అలాంటివి నూరు రూములు. అందులో జంప్-1 ఇంధనానికే పది రూములు. ఒక్కో స్టేట్‌రూమ్‌కి (ఓడలో పడుకునే గదికి) నాలుగు టన్నులు, అంటే నడవాలో వాటాతో కలిపి మా రూములు రెండు. మా రూమ్‌లో నలుగురం ఉంటాం, అది వేరే సంగతి.

రెండు ఆరుల మాట ఇరవై ముఖాల పాచిక ఆటల నుంచి మోసుకొచ్చిన అలవాటు. మాంగూస్ రూల్స్‌లో మామూలు పనికి 8 రావాలి, కష్టమైనదానికి 10, మరీ కష్టమైనదానికి 12. స్కిల్ అసలే లేనివాడికి 3 తీసేస్తారు. వాడికి రెండు ఆరులు పడినా చేతికొచ్చేది 9. ఇతరత్రా ఏదీ కలవకపోతే కష్టమైన పని కాదు, అంతే. స్కిల్ 0 ఉన్నవాడికి ఆ 3 తీయరు, ఇది చాలామంది చూడరు. కాగితం మీద సున్నా కనబడగానే రాదనుకుంటారు. మామూలు పనికి స్కిల్ లేనివాడికి 36లో 3 అవకాశాలు, స్కిల్ 0 ఉంటే 15, స్కిల్ 1 ఉంటే 21. ఆ ఒక్క సున్నాకి ఎంత విలువో చూడండి. దండగంట!

లెవెల్స్ లేవన్నది నిజమే. ఎదుగుదల లేదన్నది మాత్రం ఓడ లోను కట్టనివాళ్ళ మాట. పాత రూల్స్‌లో ఫ్రీ ట్రేడర్ ధర 3,70,80,000 క్రెడిట్లు. నెలకి ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే నలభై ఏళ్ళు కట్టాలి. ఈఎంఐ 1,54,500. సరుకు జాగా 82 టన్నులు, టన్నుకి ట్రిప్పుకి వెయ్యి. నెలకి రెండు ట్రిప్పులు నిండుగా పోతే 1,64,000 వస్తుంది. ఈఎంఐ పోను 9,500 మిగులుతుంది. జీతాలు, ఇంధనం, స్టేట్‌రూమ్‌కి రెండు వేల చొప్పున గాలీ నీళ్ళ ఖర్చు అన్నీ అందులోంచే. చాలదు. కాబట్టి పదివేలిచ్చే ప్రయాణికుల కోసం తిరగాలి, లేదంటే ఎవరూ ఒప్పుకోని సరుకు ఎక్కించాలి. మా ఆట ముప్పాతిక భాగం ఇక్కడి నుంచే పుడుతుంది.

మొన్న మా స్టీలు పళ్ళెం వాడు మూడు కంతులు ఎగ్గొట్టాడు. బ్యాంకు వాళ్ళు పట్టుకుంటారని రిఫరీ అన్న హెచ్చరిస్తే, వాడు మ్యాప్ మీద వేలు పెట్టి అన్నాడు: "నోటీసు రావాలన్నా ఓడలోనే రావాలి గదన్నా. దానికీ వారం."