రుద్రేశ్ మహంతప్ప: రక్తంలో రాని రాగం

జాజ్ నేర్చుకుంటున్న తమ్ముణ్ని ఆటపట్టిద్దామని ఒక అన్నయ్య ఆల్బమ్ కొనిచ్చాడు. దాని పేరు ‘సాక్సోఫోన్ ఇండియన్ స్టైల్’. పేరు వింటే ఉప్మాలో కెచప్ కలిపినట్టే ఉంది కదా! తీరా పెట్టి వింటే అందులో ఉన్నది సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాల్‌నాథ్. ఆ తమ్ముడి పేరు రుద్రేశ్ మహంతప్ప. ఏళ్లు గడిచాక కద్రి, ఆ తమ్ముడు చెరో ఆల్టో సాక్సోఫోన్ పట్టుకుని ఒకే బృందంలో పక్కపక్కన నిలబడ్డారు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా ‘మూలాలు వెతుక్కుంటూ వెళ్లిన ప్రవాస బిడ్డ’ అని తేల్చేస్తారు. నాకా మాట రుచించదు. రాగం రక్తంలో రాదు, కూర్చుని సాధన చేస్తేనే వస్తుంది. మహంతప్ప ఈ సంగతి తొందరగానే ఒప్పుకున్నారు. ఆయన సంగీతం ‘ఫ్యూజన్’ బుట్టలో పడకుండా బయటపడింది అందుకేనని నా అభిప్రాయం.

ఆయన 1971లో ఇటలీలోని ట్రియెస్టేలో పుట్టారు. పెరిగింది అమెరికాలో, కొలరాడో రాష్ట్రం బోల్డర్‌లో. తండ్రి అక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. కర్ణాటక మూలాలున్న కుటుంబమే అయినా, కుర్రాణ్ని పట్టేసింది మాత్రం అమెరికన్ జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ సాక్సోఫోన్. బాస్టన్‌లోని బర్క్‌లీలో డిగ్రీ, షికాగోలో మాస్టర్స్, ఆ తర్వాత న్యూయార్క్. జాజ్ వాయించే ఏ అమెరికన్ బయోడేటా చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తేడా అల్లా ఆ పేరు. పేరు చూడగానే రాగాల గురించి అడిగేవాళ్లు తయారు. రాని విద్య గురించి పదిమందిలో అడిగితే ఎవరికైనా టెన్షనే.

ఆ టెన్షన్‌ని ఆయన నేరుగా సంగీతంగా మార్చిన ఆల్బమ్ 2004లో వచ్చిన ‘మదర్ టంగ్’. ‘నీకు ఇండియన్ మాట్లాడటం వచ్చా?’ అని అక్కడ మనవాళ్లని అడుగుతుంటారు. అలాంటి భాషే లేదని తెలియని అమాయకత్వం అది. భారతీయ అమెరికన్లు ఆ ప్రశ్నకు తమ తమ భాషల్లో చెప్పిన జవాబులను మహంతప్ప రికార్డు చేసి, మాటల్లోని ఎత్తుపల్లాలను స్వరాలుగా రాసుకుని బాణీలు కట్టారు. కన్నడ, గుజరాతీ, తమిళం అంటూ ట్రాక్‌లకు భాషల పేర్లే పెట్టారు. ఇందులో విశేషమేమిటో తెలియాలంటే, ‘లేదండీ, అట్లాంటి భాష లేదు’ అని ఒక్కసారి పైకి అని చూడండి. మొదటి ‘లేదండీ’ దగ్గర గొంతు కాస్త లేచి సాగుతుంది. చివరి ‘లేదు’ దగ్గర ధన్‌మని దిగిపోతుంది. మన నోట్లోనే ఉన్న ఈ రాగాన్ని మనం ఎప్పుడూ పట్టించుకోం. ఆ భాషలు అనర్గళంగా రానివాడు కాబట్టే ఆయనకు అర్థం కంటే ముందు రాగం వినిపించిందేమో.

తర్వాత 2006లో ‘కోడ్‌బుక్’ వచ్చింది. రహస్య లిపుల లెక్కలు ఆధారంగా రాసిన సంగీతం, ఫిజిక్స్ ప్రొఫెసర్ గారి అబ్బాయి అనిపించుకున్నారు. మెచ్చుకున్నవాళ్లు చాలామందే గానీ, నాకైతే అందులో కొన్ని ట్రాక్‌లు వింటున్నప్పుడు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. పియానో మీద విజయ్ అయ్యర్ ఉండబట్టి చాలాచోట్ల గాలి ఆడింది. వీళ్లిద్దరినీ కలిపింది సాక్సోఫోనిస్ట్ స్టీవ్ కోల్‌మన్. ఒకరు కన్నడ వైపు, మరొకరు తమిళం వైపు. ఇద్దరిదీ ఒకే రకం ప్రశ్న కాబట్టి ఆ స్నేహం బాగా కుదిరింది.

ఇక కద్రి దగ్గరికి వద్దాం. న్యూయార్క్‌లోని ఏషియా సొసైటీ అనే సంస్థ కోరిక మీద మొదలైన పని 2008లో ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్‌గా వచ్చింది. దక్షిణ ఎన్‌సెంబుల్ అనే ఆ బృందంలో కద్రి, మహంతప్పలతో పాటు మృదంగం మీద పూవలూర్ శ్రీజి, గిటార్ మీద రెజ్ అబ్బాసీ ఉన్నారు. వయొలిన్ ఎవరనుకున్నారు? మన విజయనగరం నుంచి మద్రాసు వెళ్లి, ఎం.ఎల్. వసంతకుమారి పక్కన ఏళ్ల తరబడి వాయించిన అవసరాల కన్యాకుమారి గారు. 2016లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్న విద్వాంసురాలు ఒక న్యూయార్క్ జాజ్ రికార్డులో ఉన్నారని మన దగ్గర ఎంతమందికి తెలుసో.

సాక్సోఫోన్ మీద గమకం పలికించడం ఎంత కష్టమో కొంచెం చెప్పుకోవాలి. వీణ మీద తీగను లాగితే స్వరం ఊగుతుంది. నాదస్వరంలో రంధ్రం మీద వేలు కొద్దికొద్దిగా జరిపితే స్వరం జారుతుంది. సాక్సోఫోన్‌లో రంధ్రాన్ని మూసేది వేలు కాదు, మీటకు అమర్చిన బిళ్ల. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న సూక్ష్మస్వరాలన్నీ ముఖ్యంగా పెదవుల బిగింపుతో, ఊపిరితో రాబట్టాలి. కద్రి నాన్నగారు నాదస్వర విద్వాంసులు. ఆ జారుడు చిన్నప్పటినుంచీ ఇంట్లోనే వినిపించేది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని ముచ్చటపడ్డాక, ఆ ఇంట్లో నాదాన్ని ఈ ఇత్తడి వాద్యంలోకి దించడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. అలా శ్రమపడిన మనిషే 1994లో లండన్‌లోని బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవం వేదిక ఎక్కారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. కర్ణాటక కచేరీలో షడ్జమం, అంటే ‘స’, కదలదు. తంబురా మీటిన దగ్గర్నుంచి మంగళం దాకా అదే ఆధారం. జాజ్‌లో కింద కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) అదేపనిగా మారుతుంటాయి, ఆ మార్పుల మీద స్వారీ చేయడమే అక్కడి విద్య. కల్యాణిలో ప్రతిమధ్యమం దగ్గర కద్రి ఊయలూగుతుంటే కింద పొరపాటు కార్డు ఒక్కటి పడినా రాగం రంగు మారిపోతుంది. ‘కిన్స్‌మెన్’ వింటుంటే ఆ జాగ్రత్త తెలుస్తూనే ఉంటుంది. ట్రాక్‌ల మధ్య చిన్న చిన్న ఆలాపనలకు చోటిచ్చారు. తాళం లెక్కలతో, రెండు సాక్సోఫోన్ల సవాల్-జవాబులతో వేడి పుట్టించారు. ఎవరు ఎవరో చెవికి ఇట్టే తెలిసిపోతుంది: కద్రి స్వరం నుంచి స్వరానికి జారతారు, మహంతప్ప అంచులు పదునుగా కోసినట్టు వాయిస్తారు.

ఇంకో తేడా కూడా ఉంది. కద్రి త్యాగరాజ కృతి వాయిస్తే మాట లేకపోయినా తెలుగువాడి మనసులో సాహిత్యం దానంతటదే నడుస్తుంది. మహంతప్ప బాణీల వెనక అలాంటి సాహిత్యం లేదు. కద్రి శిష్యుడిలా వాయించే ప్రయత్నం ఆయన చేయలేదు, చేసి ఉంటే నకలుగా మిగిలేవారు.

ఈ బ్యాండ్ లీడర్‌కి ఒక అలవాటుంది, కొత్త ప్రశ్న వచ్చినప్పుడల్లా కొత్త బృందం కడతారు. కరాచీలో పుట్టిన అబ్బాసీని, డ్రమ్స్‌తో పాటు తబలా వాయించే డాన్ వైస్ అనే అమెరికన్‌ని కలుపుకుని పెట్టిన ముగ్గురి బ్యాండు పేరు ‘ఇండో-పాక్ కోయలిషన్’. రెండు ప్రభుత్వాలకూ చేతకానిది ముగ్గురు సంగీతగాళ్లు చేశారని చమత్కారం. అయితే ఒక ఫిర్యాదు. పేరుని బట్టి లేబుల్ వేయొద్దనే మనిషి తన ఆల్బమ్‌లకు ‘ఆప్తి’, ‘సంధి’, ‘గమక్’, ‘అగ్రిమ’ అని వరసగా పేర్లు పెడితే లేబుల్ వేసేవాళ్ల పని సుళువు చేసినట్టే కదా!

విమర్శకులు ‘కిన్స్‌మెన్’ గురించి చాలానే రాశారు. నా ఓటు మాత్రం 2015 నాటి ‘బర్డ్ కాల్స్’కి. అందులో భారతీయ వాద్యం ఒక్కటీ లేదు. ట్రంపెట్, పియానో, బాస్, డ్రమ్స్, సాక్సోఫోన్ అంతే. ముడిసరుకంతా చార్లీ పార్కర్‌ది. ఆయన బాణీల్లోంచో సోలోల్లోంచో ఒక ముక్క తీసుకుని, దాని నడకను విరిచి కొత్త రచన చేశారు. పార్కర్ ‘నౌస్ ద టైమ్’ అంటే ఈయన ‘మేబీ లేటర్’ అన్నారు. పార్కర్ ‘కన్ఫర్మేషన్’ ఈయన దగ్గర ‘ష్యూర్ వై నాట్’ అయింది. పార్కర్ ‘స్టీపుల్‌చేజ్’లోని స్టీపుల్ అంటే చర్చి శిఖరం. దాని మీద కట్టిన రచనకు మహంతప్ప పెట్టిన పేరు ‘గోపురం’. ఆ పేరు చూసి నేను గట్టిగా నవ్వుకున్నాను. అన్నయ్య చేసిన వేళాకోళానికి పాతికేళ్ల తర్వాత తమ్ముడు చెప్పిన బదులులా ఉంది. ‘కిన్స్‌మెన్’లో రెండు సంగీతాలూ ఎదురెదురుగా కూర్చుని మర్యాదగా మాట్లాడుకుంటాయి. ఇక్కడ ఏది ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం.

2016 నుంచి ఆయన ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగానికి డైరెక్టర్. 2020లో ముగ్గురి బృందంతో ‘హీరో ట్రియో’ ఆల్బమ్ తెచ్చారు. అందులో ఒక్కటీ సొంత రచన లేదు. పార్కర్, కీత్ జారెట్, స్టీవీ వండర్ బాణీలున్నాయి, చివరికి జానీ క్యాష్ పాడిన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాట కూడా ఉంది. అప్పటికి కద్రి లేరు, 2019 అక్టోబర్‌లో మంగళూరులో కన్నుమూశారు. ‘హీరో ట్రియో’ అట్ట మీద బృందంలోని ముగ్గురినీ కామిక్ పుస్తకాల సూపర్ హీరోల్లా గీయించుకున్నారు. బొమ్మ చూసి, పేర్లు చదివి రాగం ఏదని అడగడానికి ఈసారి ఎవరికీ సందు దొరకదు. వింటే మాత్రం, ఆ కంట్రీ పాటలో కూడా స్వరం చివర ఎక్కడో ఒక చిన్న జారుడు తగులుతుంది.