కంట్లో సూది వేస్తే చూపు పోతుందా?

నల్లగొండ, మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. "కంట్లో సూది వేయించుకుంటే చీము పట్టి చూపు పోతుంది, షుగర్ ఉంటే ఖాయం, పాకిస్తాన్‌లో ఎంతమంది గుడ్డివాళ్లయ్యారో చూడండి, చుక్కల మందు వేసుకుంటే చాలు" అంటున్నాడు అందులో ఒకాయన. అది విని నకిరేకల్‌లో మా పెద్దమ్మ మూడో సూదికి హైదరాబాద్ రానని మొండికేసింది.

చీము పట్టడం అబద్ధం కాదు. దాన్ని ఎండాఫ్తాల్మైటిస్ అంటారు, చూపు పోవచ్చు కూడా. కానీ అది సుమారు రెండు మూడు వేల సూదుల్లో ఒకదానికి వచ్చేది, అలాంటప్పుడు "ఖాయం" అనడం జనాన్ని బెదిరించడమే. షుగర్ వాళ్ల మీదే చేసిన పెద్ద ట్రయల్స్‌లోనూ ఇది అరుదుగానే కనిపించింది. ఈ సూది వేసేది రెటీనాలో, అంటే కంటి లోపల వెనక ఉండే పొరలో, వచ్చే వాపు లాంటి వాటికే. ఆ వాపు ఉండీ సూది మానేస్తే మాత్రం చూపు మెల్లగా తగ్గిపోయే ప్రమాదం ఎక్కువ.

చుక్కల మందు రెటీనా దాకా సరిపడా చేరదు, అందుకే సూది. ఇన్ఫెక్షన్‌ను ఆపేది కూడా ముఖ్యంగా యాంటీబయోటిక్ చుక్కలు కాదు, సూదికి ముందు కంట్లో వేసే 5 శాతం పోవిడోన్ అయోడిన్ అనే క్రిములను చంపే మందు. మండుతుంది, వద్దనకండి. రెప్పలు క్లిప్పుతో తెరిచి పట్టేది వెంట్రుకలు సూదికి తగలకుండా, ఆ నిమిషం ఎవరూ మాట్లాడొద్దనేది నోటి తుంపరల్లోని సూక్ష్మక్రిములు పడకుండా.

పాకిస్తాన్ సంగతి నిజమే, 2023లో అక్కడి పంజాబ్ రాష్ట్రంలో జరిగింది. అక్కడ వాడింది బెవాసిజుమాబ్, కంట్లో సూదిగానూ వాడే క్యాన్సర్ మందు. పెద్ద సీసాలోంచి చిన్న చిన్న సిరంజీల్లోకి పంచుతారు, ఆ పంచేచోట శుభ్రత లేకపోతే ఒకే సీసాతో చాలామందికి ఇన్ఫెక్షన్ పాకుతుంది. కాబట్టి "ఈ మందు ఎక్కడ నింపారు సార్?" అని అడగండి, అడగడం తప్పేమీ కాదు.

ఆ మెసేజ్‌లో అసలు చెప్పాల్సింది ఒక్కటీ లేదు. సూది తర్వాత నొప్పి లేని ఎర్ర మచ్చ, ఒకట్రెండు రోజుల్లో కరిగిపోయే నల్లటి బుడగలు కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. కానీ మొదటి వారం పది రోజుల్లో నొప్పి పెరగడం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది వచ్చినా మెడికల్ షాపు చుక్కలతో రెండు రోజులు ఆగకండి, అదే రోజు బయలుదేరండి. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లే, అక్కడ యాంటీబయోటిక్‌ను నేరుగా కంట్లోకే ఎక్కిస్తారు. ఇంటికొచ్చే ముందే ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు అడిగి ఫోన్‌లో సేవ్ చేసుకోండి.