క్లిప్పు లెన్సుని ఏమన్నా అంటే ఊరుకోను

ఫోన్ కెమెరా మీద క్లిప్పుతో బిగించుకునే చిన్న లెన్సు ఉంటుంది చూడండి, ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఆ క్లిప్పు లెన్సు మీద జోకులే. ఫోన్ వెనక మూడేసి కెమెరాలు ఉన్నాక ఇంకా ఆ బట్టలారేసుకునే క్లిప్పు ఎందుకండీ అంటారు. వినీ వినీ విసుగొచ్చి ఇవాళ దాని తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నా. ముందే చెప్తున్నా, నా దగ్గర ఐదు క్లిప్పు లెన్సులున్నాయి. అంతా గుండ్రంగా వంచి చూపించే ఫిష్ ఐ ఒకటి, ఎక్కువ మేర పట్టే వైడూ చిన్నవాటిని పెద్దగా చూపించే మాక్రో ఒకదానికొకటి మరలా బిగించుకుని ఉండే జోడీ, దూరంవి దగ్గరికి తెచ్చే 12ఎక్స్ టెలి, ఇంకోటి ఒక్క పువ్వుని ఆరు పువ్వులు చేసి చూపించేది, అది ఎందుకు కొన్నానో నాకూ తెలీదు. కాబట్టి నాది పూర్తిగా నిష్పాక్షికమైన అభిప్రాయం.

అసలు రోగం ఎక్కడుందంటే, ఫోటో తియ్యడం మరీ తేలికైపోయింది. జేబులోంచి తీశామా, నొక్కామా, అయిపోయింది. మొహం ఎక్కడుందో ఫోనే వెతుక్కుంటుంది, వెలుతురు ఫోనే చూసుకుంటుంది, మన చెయ్యి వణికితే పరువు పోకుండా అది కూడా ఫోనే కప్పిపుచ్చుతుంది. ఇక మనం చేసింది ఏముంది, బొటనవేలు అద్దెకివ్వడం తప్ప? రీలులో 36 ఫోటోలుండే రోజుల్లో ఒక్కో ఫోటోకీ ఊపిరి బిగబట్టేవాళ్ళం, కడిగించాక సగం నల్లగా వచ్చేవి, అయినా మనిషికి ఒక గౌరవం ఉండేది. ఆ కష్టాన్ని ఫోన్లు మన దగ్గర్నుంచి లాగేసుకున్నాయి. దాన్ని వడ్డీతో సహా తిరిగిచ్చిన మహానుభావురాలు క్లిప్పు లెన్సు ఒక్కతే.

నమ్మకం లేకపోతే ఒక్కసారి బిగించి చూడండి. ముందు బ్యాక్ కవర్ ఊడదియ్యాలి, లేకపోతే లెన్సు కెమెరాకి ఆనదు, ఆనకపోతే ఫోటో చుట్టూ నల్లటి వలయం వస్తుంది. కవర్ తీశాక క్లిప్పు నోరు తెరిచి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది అసలు పరీక్ష. వెనకాల మూడు కళ్ళుంటాయి, అందులో పని చేస్తున్నది ఏదో మనకి కనపడదు, స్క్రీన్ వైపు తిప్పితే క్లిప్పు కనపడదు, క్లిప్పు వైపు తిప్పితే స్క్రీన్ కనపడదు. కింద నీళ్ళలో నీడ చూస్తూ పైన తిరుగుతున్న చేప కన్ను కొట్టినందుకు అర్జునుణ్ణి ఇన్ని వేల ఏళ్ళుగా పొగుడుతున్నాం. మనం ముందు స్క్రీన్ చూస్తూ వెనకాల చేప కన్ను లెన్సునే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరుపుతుంటే మాత్రం పక్కనున్నవాళ్ళు ఆవలిస్తారు.

పైగా ఆయన చేప తన కన్ను తాను మార్చుకోలేదు. మన ఫోన్ మార్చుకుంటుంది. మెయిన్ కెమెరా మీద లెన్సుని అతి కష్టం మీద కుదిర్చి పువ్వు దగ్గరికి వెళ్ళామా, వీడు మరీ దగ్గరికొచ్చాడు అని ఫోన్ తనంతట తనే పక్కనున్న అల్ట్రా వైడ్ కెమెరాకి దూకేస్తుంది, ఆ కెమెరాకి కనిపించేది మన క్లిప్పు రబ్బరు పక్కభాగం. ముందు తలుపుకి తాళమేసి కాపలా కూర్చుంటే ఇంటాయన దొడ్డి తలుపులోంచి వచ్చి ఎవరి కోసమండీ అని అడిగినట్టుంటుంది. సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆటో మాక్రో ఆపెయ్యాలి, లేదా ప్రో మోడ్ పెట్టి ఏ కెమెరా కావాలో మనమే గట్టిగా చెప్పాలి. ఈ సంగతి నాకు నాలుగు నెలలకి తెలిసింది, ఆ నాలుగు నెలలూ తీసినవి రబ్బరు ఫోటోలే, రబ్బరు మాత్రం చాలా షార్ప్‌గా వచ్చింది.

ఫిష్ ఐ సంగతి వేరు, దాని వంశమే గొప్పది. 1906లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త నీళ్ళు నింపిన బకెట్ అడుగున ఫోటో ప్లేటు పెట్టి, నీళ్ళలో ఉన్న చేపకి పైలోకం ఎలా కనపడుతుందో చూడాలని ఫోటో తీశాడు. ఫిష్ ఐ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. తర్వాత 1923లో రాబిన్ హిల్ అనే ఆయన ఆకాశం మొత్తాన్ని ఒక్క ఫోటోలో పట్టి మేఘాల్ని చదవడానికి అచ్చంగా ఒక లెన్సు తయారు చేయించాడు. అలా మేఘాల కోసం పుట్టిన విద్య చేతులు మారి మారి చివరికి మా బావ ముక్కు దాకా వచ్చింది. కుటుంబమంతా ఉన్న గ్రూప్ ఫోటో అది, మధ్యలో నిలబడ్డ బావకి ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోయాయి, అంచున నిలబడ్డ చెల్లి అరటి తొక్కలా వంగిపోయింది. వాపుని చూసి బలుపనుకోకు బావా, ఇది లెన్సు చేసే పని అని ఎంత చెప్పినా వినలేదు, ఆ ఫోటో డిలీట్ చేసేదాకా నాతో మాట్లాడలేదు. కళని అర్థం చేసుకునే సంస్కారం అందరికీ ఉండదు, బలవంతం చెయ్యలేం.

దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఎందుకన్నారో 12ఎక్స్ టెలి పెట్టాకే నాకు తెలిసింది. కొండే కాదు, కొండ మీద చెట్టు నునుపే, చెట్టు మీద పిట్ట కూడా నునుపే, అంచు అనేది దేనికీ లేదు, ఉన్న చోట వంగపండు రంగు గీత ఒకటి. పొరపాటు లెన్సుది కాదు లెండి. పన్నెండు రెట్లు దగ్గరికి తెచ్చే గొట్టం మన చేతి వణుకుని కూడా అన్నే రెట్లు పెంచుతుంది, గుండె కొట్టుకుంటే కొండ కూడా కొట్టుకుంటుంది. ట్రైపాడ్ కావాలి, ట్రైపాడ్ మీద పెట్టాక షట్టర్ నొక్కితే మళ్ళీ కదులుతుంది కాబట్టి టైమర్ కావాలి, టైమర్ మూడు సెకన్లు లెక్కపెట్టేలోపు పిట్ట ఎగిరిపోకుండా ఉండాలి. మొదటి రెండూ నా దగ్గరున్నాయి.

ఇక మాక్రో. దీని గురించి రాయాలంటే చెయ్యి కడుక్కుని రాయాలి. గోరంతని కొండంత చెయ్యడం మనవాళ్ళకి మాటల్లో ఎప్పట్నుంచో వచ్చు, దాన్ని గాజులో చూపించింది మాక్రో. మొన్న పొద్దున్నే పిట్టగోడ మీద ఒక చీమ కనపడింది. ఒక్కతే, తనకన్నా పెద్ద తెల్లటి నలుసొకటి నోట కరుచుకుని పోతోంది. జోడీలోంచి వైడ్‌ని మర తిప్పి తీసేసి మాక్రోని మాత్రం ఉంచి మోకాళ్ళ మీద కూర్చున్నా. ఈ లెన్సు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఫోకస్ అవుతుంది, అంత దగ్గరికెళ్తే ఫోన్ నీడే చీమ మీద పడుతుంది, ఫ్లాష్ వేద్దామంటే దాన్ని క్లిప్పు మూసేసింది. నీడ పడకుండా ఎండ వైపు తిరిగితే లెన్సు లోపల వెలుగు అటూ ఇటూ కొట్టుకుని ఫోటో అంతా పాలు పోసినట్టయింది, పూత లేని గాజు ఒక్కో ముఖం మీద నూటికి నాలుగు వంతుల వెలుతురు వెనక్కి కొట్టేస్తుంది మరి. పోనీ అన్నీ కుదిరాయనుకోండి, ఫోకస్‌లో ఉండేది ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం, మీసం కుదిరితే కాళ్ళు పోతాయి, కాళ్ళు కుదిరితే నలుసు పోతుంది. దానికి తోడు చీమకి నా ఇబ్బంది పట్టలేదు, దాని పని మీద అది పోతోంది, నేను దాని వెనకాల మోకాళ్ళ మీద పాకుతున్నా, ఊపిరి వదిలితే అద్దం మీద ఆవిరి, బిగబడితే చెయ్యి వణుకు.

సరిగ్గా అప్పుడు ఫోనొచ్చింది. ఎత్తగానే స్క్రీన్ నల్లగా ఆరిపోయింది, ఎందుకంటే క్లిప్పు ముందు దవడ సరిగ్గా ప్రాక్సిమిటీ సెన్సార్ మీద కూర్చుంది, ఫోను ఏమో నేను చెవి దగ్గర పెట్టుకున్నా అనుకుంటోంది. కట్ చెయ్యడానికి లేదు, మాట్లాడదామంటే చీమ పోతుంది. "ఏం చేస్తున్నావురా" అని అవతల్నుంచి పెద్దమ్మ. "చీమ వెనకాల పోతున్నా పెద్దమ్మా" అన్నా. కాసేపు అటు నుంచి మాట లేదు, తర్వాత మెల్లిగా "మీ ఆవిడకి ఫోనివ్వు" అంది.

వంద ఫోటోల పైనే వచ్చాయి. తొంభై చోట్ల గోడ సున్నం బ్రహ్మాండంగా ఉంది, పగుళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మిగతా వాటిలో చీమ సగం. ఒక్కదాంట్లో మాత్రం, అబద్ధమెందుకు, దాని మీసం మీద నూగు కనపడింది, ఎండలో రాగి తీగలా. ఆ ఒక్క ఫోటో వల్లే మళ్ళీ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటున్నా, డాక్టర్‌కి మాత్రం మెట్లెక్కడం వల్ల నొప్పులని చెప్పాను.

అల్ట్రా వైడ్ ఫోన్‌లోనే ఉండగా ఇదెందుకు అంటారు కొందరు, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం కాదా అని. 2011లో ఓలోక్లిప్ అనే క్లిప్పు లెన్సు ఐఫోన్ 4 మూలకి తొడుక్కోవడానికి వచ్చినప్పుడు ఆ ఫోన్ వెనక ఒకటే కన్ను, 5 మెగాపిక్సెల్, అప్పుడు అవసరం కాబట్టి వాడారు. అవసరానికి వాడటంలో గొప్పేముంది? అవసరం తీరిపోయాక కూడా వాడేవాడిది కదా అసలు భక్తి. 2013లో సోనీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి క్యూఎక్స్ అని లెన్సు ఆకారంలో మొత్తం కెమెరానే చేశారు, సెన్సార్ కూడా అందులోనే, ఫోన్‌కి క్లిప్పులా తగిలించి వైఫైతో కలుపుకోవాలి, ఫోన్ ఉత్తి చూసే అద్దం. కష్టం విలువ తెలిసిన వాళ్ళు. అదంతా పాత కథ అనుకుంటే 2025లో వివో ఎక్స్200 అల్ట్రాకి జైస్ పేరుతో 2.35 రెట్ల టెలి కన్వర్టర్ వచ్చింది, 85 ఎంఎం కెమెరా ముందు తగిలిస్తే 200 ఎంఎం అవుతుంది, అంటే దూరంవి ఇంకా దగ్గరికొస్తాయి, తగిలించాలంటే దానికి వేరే కవర్ వేసుకోవాలి. అంటే మళ్ళీ కవర్ మార్చుకోవడం, మళ్ళీ బిగించుకోవడం. ఫోటోలు బాగా వస్తున్నాయట, అదొక్కటే నాకు కొంచెం నచ్చలేదు.

పోయిన వారం పెద్దమ్మ నన్ను చూడ్డానికే వచ్చింది, ఆరోగ్యం ఎలా ఉందో అని. టేబుల్ మీద మాక్రో లెన్సు చూసి చేతిలోకి తీసుకుంది, మాత్రల పట్టీ మీద తేదీ కనపడక సతమతమవుతోంది పాపం. లెన్సుని క్లిప్పులోంచి మర తిప్పి ఊడదీసి, కంటికి ఆనించుకుని, పట్టీని దగ్గరికి తెచ్చుకుని గడగడా చదివేసింది. బ్యాచ్ నంబర్ కూడా. ఫోకస్ ఒక్క క్షణం తప్పలేదు. ఇది నాకు పనికొస్తుందిరా అని పర్సులో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు క్లిప్పు కోసం ఇల్లంతా వెతికా. డాబా మీద తీగకి ఉంది, నా తువ్వాలు పట్టుకుని.