లాగ్‌ఫ్రేమ్ గారికి పరామర్శ

మహారాజశ్రీ లాగ్‌ఫ్రేమ్ గారికి, అంటే విదేశీ సాయపు ప్రాజెక్టుల లెక్కంతా ఇమిడే ఆ పట్టిక గారికి, అమలాపురం నుంచి తమరి ఉప్పు తిన్నవాడొకడు నమస్కరించి రాసుకునేదేమనగా,

తమరి పుట్టింటి కబురు తెలిసిందండి. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారు పెట్టిన విదేశీ సాయపు సంస్థ యూఎస్‌ఎయిడ్, 1969లో తమరిని తయారు చేయించుకున్న ఆ పెద్దిల్లు, 2025 జులై 1న దుకాణం కట్టేసి అమెరికా విదేశాంగ శాఖలో కలిసిపోయిందట. తమరిని నెత్తిన పెట్టుకుని ఊరేగించిన బ్రిటన్ సాయం శాఖ, లండన్ డీఎఫ్‌ఐడీ అయితే 2020లోనే వాళ్ళ విదేశాంగ శాఖలో కలిసిపోయింది. పోనీ పెట్టెలో డబ్బయినా మిగిలిందా అంటే, స్థూల జాతీయాదాయంలో 0.7 శాతం సాయానికి ఇచ్చి తీరతామని 2015లో చట్టం చేసుకున్నవాళ్ళే 2021లో 0.5కి దించి, 2027 నాటికి 0.3 చాలనేశారు. కష్టంలో ఉన్నవాళ్ళని పలకరించడం మా గోదారోళ్ళకి అలవాటండి. పలకరించే వంకన నాలుగు అనేసి రావడం కూడా అలవాటే.

తమరి రూపం అందరికీ తెలియదు కాబట్టి ఓ ముక్క. నాలుగు అడ్డవరసలు, నాలుగు నిలువు వరసలు, పదహారు గళ్ళు. అట్టడుగున పనులు, పైన వాటి వల్ల చేతికొచ్చేవి, ఆపైన ఉద్దేశం, తలమీద మహాలక్ష్యం. పక్కన సూచికలు, ఆ పక్కన రుజువులు. చిట్టచివర, ఎవరూ చూడని మూల, అజంప్షన్లు. మన చేతిలో లేకపోయినా వాటంతట అవే సక్రమంగా జరిగిపోతాయని మనం అనుకునేవన్నమాట. ఏ ప్రాజెక్టు కాగితం చూసినా నేను ముందు చదివేది ఆ చివరి వరసేనండి. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

తమరి కొలువులో చేరడం కూడా మాటలు కాదు. ఇంగ్లండులో ఏడాది మాస్టర్సు, దానికి కొబ్బరితోట తాకట్టు. తర్వాత జీతం లేని ఇంటర్న్‌షిప్పు, మూడు నెలల కాంట్రాక్టు, ఆరు నెలల కాంట్రాక్టు, పేరు ముందు ‘సీనియర్’ అన్న మాట, మళ్ళీ మూడు నెలల కాంట్రాక్టు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రి అడిగాడు, కుర్రాడేం చేస్తాడని. పేదరికం నిర్మూలిస్తాడండి అన్నాడు మా నాన్న. పర్మనెంటేనా అన్నాడాయన. మా మేనత్త కాఫీ గ్లాసు కింద పెట్టి, “పేదరికం పర్మనెంటేనండి, మావాడే కాంట్రాక్టు” అంది. ఆ సంబంధం కుదరలేదు. అభివృద్ధి రంగం మీద అంతకన్నా పొట్టి రిపోర్టు నేను మళ్ళీ చదవలేదు.

ఇక తమరు మా ఊళ్ళకి వేంచేసే వైభవం. కమ్యూనిటీ హాలుకి అడ్డంగా ఫ్లెక్సీ, చార్టు పేపర్లు, స్కెచ్ పెన్నులు, సమోసా, అరటిపండు, ఒక సంతకాల రిజిస్టరు. జనం మాట వినాలన్నది కొత్త పద్ధతి గనక ఆడవాళ్ళు నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేస్తారు. రామాలయం, చర్చి, బడి, చెరువు, కాలువ. ఆ పటాన్ని ఫొటో తీసుకుని, తర్వాత చీపురుతో ఊడ్చేస్తారు. ఓసారి డ్వాక్రా ఆడవాళ్ళు వేసిన పటం చుట్టూ తిరిగి, ఒక ముసలి కౌలురైతు మురుగు కాలువ చివర, నీళ్ళు బయటికి పోయే మొగ దగ్గర, కాలి బొటనవేలు పెట్టి నిలబడ్డాడు.

“ఆయ్, ఇక్కడ మొగ పూడిపోయిందండి. సార్వా నాటిన వారానికి నీళ్ళు వెనక్కి తన్నేత్తన్నాయి. గుర్రపుడెక్క మీద కుక్కలు నడిచెళ్ళిపోతన్నాయండి. దీన్నెక్కడ రాత్తారు?”

మా టీమ్ లీడరు గారు ల్యాప్‌టాప్‌లో నాలుగో వరస తెరిచి టైపు చేశారు: ‘మురుగు కాలువల నిర్వహణను సంబంధిత శాఖ సకాలంలో చేపడుతుంది.’ నేను తెలుగులో చదివి వినిపించాను.

“ఆ శాఖోళ్ళని అడిగారేటండి?”

“లేదండి, అనుకున్నాం.”

“అలాగాండి. అయితే మేవూ అనుకుంటాం లెండి” అని ఆయన రిజిస్టరులో వేలిముద్ర వేసి, సమోసా పొట్లం కండువాలో కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వేలిముద్రే మీ మూడో వరసలో రుజువండి. సంప్రదింపులు సంపూర్ణం.

ఆ చివరి వరసలో మా డెల్టా మొత్తం పట్టేసిందంటే నమ్మండి. ‘వరదలు సాధారణ స్థాయిలో ఉంటాయి’ అని ఒక గడి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇందులో సాధారణం ఏదో లంకల్లో వాళ్ళనడిగితే గొడ్లని గట్టు మీదికి తోలుకుంటూ చెబుతారు. ‘తీవ్ర తుపాన్లు సంభవించవు’ అని ఇంకో గడి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో పడుకున్నవాళ్ళకి ఆ గడి చూపించండి. వెయ్యిమందికి పైగా పోయారు, తోటలకి తోటలు నేలమట్టం. మళ్ళీ నాటిన కొబ్బరి నిండు కాపుకొచ్చేలోపు రెండు ప్రాజెక్టులు మొదలై ముగిసిపోతాయి.

‘రైతులకు పంటరుణం అందుతుంది’ అన్నది మూడోది. ఇక్కడ దున్నేవాడు వేరు, పట్టా ఉన్నాయన వేరు. 2019లో కౌలుదారులకి సాగు హక్కు కార్డులిస్తామని రాష్ట్రం చట్టం చేసింది, భూమి గలాయన సంతకం పెడితేనే. ఆ సంతకం పెట్టించడం ఎవరి పనో ఏ అడ్డవరసలోనూ ఉండదు. ఇక ‘ధర గిట్టుబాటుగా ఉంటుంది’ అన్న గడి. అది తేలకే కదండీ 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే అని చేలు ఖాళీగా వదిలేసింది. తమరి సూచిక ఎకరాకి దిగుబడి గనక దానికి ఢోకా లేదు. నాటని చేను సగటులోకి రాదు కదా.

ఇన్ని రాసిన వాళ్ళు ఒక్కటి మాత్రం రాయలేదండి. మా నది, మా గాలివాన, మా భూస్వామి, మా శాఖలు, అందరి మీదా అనుమానపడి పేరుపేరునా గడి కట్టారు. ‘డబ్బిచ్చే సంస్థ అప్పటికి ఉంటుంది’ అన్న గడి నేను చూసిన ఒక్క కాగితంలోనూ లేదు.

మా దగ్గర ఆ అనుభవం పాతదే. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి కట్టేశాడు. ధర్మానికేం కాదు లెండి, శిస్తు పెరుగుతుందనే ఈస్టిండియా కంపెనీ డబ్బు విదిల్చింది. ఏడేళ్ళు తిరక్కుండా, 1858లో ఆ కంపెనీ పాలనే పోయింది. నీళ్ళు ఆగలేదు. గుమ్మం కదలని ఇంజనీరు నుంచి లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు దాకా నెలనెలా జీతం ఇచ్చే ఏర్పాటు ఒకటి నడిచింది మరి. తమరి ప్రాజెక్టు అయిపోయిన మర్నాడు తుపాను షెల్టరు తాళంచెవి ఎవరి మొలతాడుకి ఉంటుందో పదహారు గళ్ళలో ఎక్కడా దొరకదు.

పుట్టిల్లు పోయిందని దిగులు పడకండి. ఇక్కడ తమరి సంతానం బాగా స్థిరపడింది. 2005లోనే ఢిల్లీలో, ఖర్చుకి ఫలితం చూపాలంటూ, అవుట్‌కమ్ బడ్జెట్ అన్నారు. ఐక్యరాజ్యసమితి వారి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, 169 టార్గెట్లు ఫ్లెక్సీలై మండలాఫీసు గోడలెక్కాయి. కలెక్టరేట్లో డాష్‌బోర్డు మీద పచ్చరంగు, పసుపురంగు, ఎరుపురంగు. శుక్రవారం రివ్యూ అంటే గురువారం రాత్రికి మండలాలన్నీ పచ్చబడతాయి. మన దేశమే ఇప్పుడు ఇతర దేశాలకి అప్పులూ శిక్షణలూ ఇస్తోంది గనక, రేపు ఆఫ్రికాలో ఏ డెల్టాకో తమరిని మేమే ఎగుమతి చేస్తాం.

ఈసారి మా వైపు వచ్చేటట్టయితే జనవరిలో రాకండి. సంక్రాంతికి మా ఊళ్ళు ఎంత బాగుంటాయో మాకూ తెలుసు. ఆగస్టులో రండి. ఆ చివరి వరసని కోసి మొదటి వరసలో అతికించండి: మొగ తవ్వించడం, పూడిక తీయించడం, కౌలు కాగితం మీద సంతకం పెట్టించడం, తాళంచెవి ఒకరికి అప్పజెప్పి ఆయనకి జీతం రాయడం. అప్పుడు సూచిక ఏమిటని అడక్కండి. ఆ ముసలాయన గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటుంటే నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి, చాలు.

ఇట్లు,
తమరి కొలువులో (ప్రస్తుతానికి) లేనివాడు

తా.క.: నా ఆఖరి విడత ఫీజు ఇంకా రాలేదండి. ఆఫీసు వాళ్ళకి ఫోన్ చేస్తే, దాత నిధులు విడుదలైతేనే చెల్లింపు అని కాంట్రాక్టు వెనక పేజీలో సన్న అక్షరాల్లో ఉందన్నారు. తీసి చూశాను, ఉంది. మా మేనత్తకి మాత్రం చెప్పకండి.