తొమ్మిది వేళ్లు వృథా

బొబ్బ ఇంకా మానలేదు, కోపం అంతకన్నా మానలేదు.

మొన్న అటక మీద పాత ప్లేస్టేషన్ దొరికింది. దాంతోపాటు 2000లో వచ్చిన సైకిలు విన్యాసాల ఆట, 'డేవ్ మిర్రా ఫ్రీస్టైల్ బీఎంఎక్స్'. మూడు రంగుల తీగలను మా కొత్త టీవీకి ఎలా కలిపానన్నది వేరే పురాణం, వదిలేయండి. రాత్రి పదింటికి కూర్చున్నవాణ్ని రెండున్నరకు లేచాను. ఆటకు పేరిచ్చిన అసలు సైకిలు వీరుడు మిర్రా అదే ఏడాది సాహస క్రీడల పోటీలైన ఎక్స్ గేమ్స్‌లో నిజం సైకిలు మీద, గాల్లో, వరసగా రెండు సార్లు వెనక్కి పల్టీ కొట్టాడు. బొమ్మ సైకిలు మీద ఒక్క పల్టీకి నాకు నాలుగున్నర గంటలు పట్టింది. ఆ కంట్రోలర్‌లో దిశలు మార్చే బాధ్యతంతా ఎడమ బొటనవేలిది. తెల్లారేసరికి దాని మీద, సరిగ్గా ముద్ర పడేచోట, శనగగింజంత బొబ్బ.

ఉదయం నెల్లూరులోనే ఒక కార్యాలయంలో పని. పనల్లా వేలిముద్ర వేయడమే.

ఎర్రదీపం. "గట్టిగా నొక్కండి" అన్నాడు ఆపరేటరు. ఎర్రదీపం. "అంత గట్టిగా కాదండీ." తుడిచాను. నుదుటికి రుద్దాను. తలనూనె తగులుతుందని జుట్టులో పెట్టి తిప్పాను. ఆరోసారి కూడా ఎర్రదీపమే. ఆధార్ నాడు పది వేళ్లూ, రెండు కళ్లూ అప్పగించాం కదా, మిగతా తొమ్మిది వేళ్లు ఏ పాపం చేశాయని అడిగాను. "బొటనవేలే కావాలండీ, అదీ ఎడమది" అన్నాడు, ఆ నియమం తన తాతగారు రాసినంత గౌరవంగా.

వెనక కోవూరు నుంచి వచ్చిన ముసలి దంపతులు. పెద్దాయన నా వేలు చూసి కరిగిపోయాడు.

"పొలం పని చేసేవాళ్లకు ఇంతే నాయనా. నాట్లు వేసీ వేసీ మా ఆవిడ గీతలూ అరిగిపోయాయి. నీకు ఎన్ని ఎకరాలు?"

నిజం చెప్పాల్సింది. "రెండు. కౌలుకు" అన్నాను.

వరసలో నాకు కుర్చీ వచ్చింది. మంచినీళ్లు వచ్చాయి. ఎవరో రైతుల గోడు ఎవరికీ పట్టదని ఆపరేటరు మీద కేకలేశారు. నేను తలవంచుకుని, నిజం కౌలుదారులా, నీళ్లు తాగాను.

"ఏ రకం వేశావు?" అన్నాడు పెద్దాయన.

నాకు తెలిసిన వరి రకం ఒక్కటే, అదీ మా నాయనమ్మ కబుర్లలో విన్నది. "మొలకొలుకులు."

ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. "మా నాయన వేసేవాడు."

అదే సమయానికి ఆపరేటరు హాలంతా వినపడేలా అడిగాడు: "ఇంతకీ ఆ బొబ్బ ఎలా వచ్చిందండీ?"

"సైకిలు..." అన్నాను.

"పడ్డారా?"

"చాలాసార్లు."

ముసలమ్మ అరిగిన వేలికి మొదటిసారే పచ్చదీపం వెలిగింది. నన్ను బొబ్బ మానాక రమ్మన్నారు.

రాత్రి దిశలు కుడి బొటనవేలితో తిప్పి చూశాను. కుదరలేదు.