సర్వర్ ముందు కూర్చుంటేనే ఓఎస్ ఎక్కుతుందా?

సర్వర్లు చూసుకునేవాళ్ళ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. "నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు రిమోట్‌గా ముట్టుకోకండి, లింక్ పోతే సర్వర్ చేజారినట్టే. కార్డు లోపలి సెట్టింగులైతే మానిటర్ ముందు కీ నొక్కి మార్చాల్సిందే. పీఎక్స్‌ఈని (నెట్‌వర్క్ మీదుగా బూట్ అయ్యే పద్ధతి) నమ్ముకోలేం. పెన్‌డ్రైవ్ పట్టుకుని ర్యాక్ దగ్గరకు వెళ్ళడమే సేఫ్. బీఎంసీ అంటే హ్యాకర్లకు తలుపు తీసిపెట్టడమే" అని దాని సారాంశం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని నమ్మి అర్ధరాత్రులు ర్యాకుల మధ్య గడుపుతున్నారు. అది చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది, లింక్ పోతే సర్వర్ చేజారినట్టే అన్న మాట. లోపలికి వెళ్ళడానికి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ఓఎస్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఒక్కటే దారి అయితే అది నిజమే. కానీ సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని వేరే చిన్న కంప్యూటర్ ఉంటుంది. డెల్ సర్వర్లలో ఐడ్రాక్, హెచ్‌పీ సర్వర్లలో ఐలో అని మనం రోజూ అనేవి అవే. పవర్ కేబుల్ పెట్టి ఉంటే చాలు, సర్వర్ ఆఫ్‌లో ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది. ఓఎస్ నెట్‌వర్క్ మొత్తం పడిపోయినా బీఎంసీ కన్సోల్ తెరిచి, ఎదురుగా కూర్చున్నట్టే లాగిన్ అయి సరిచేయొచ్చు. అయితే బీఎంసీకి సొంత పోర్టు, సొంత కేబుల్ ఉండాలి. ఒక కేబుల్ మిగులుతుంది కదా అని డేటా పోర్టునే దానికీ షేర్ చేసిన చోట, కార్డు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పెడితే రెండు దారులూ ఒకేసారి పోవచ్చు.

ఓఎస్ లోపలి నుంచి మార్చినా జాగ్రత్తకు మార్గం ఉంది. ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' కొడితే కొత్త సెట్టింగు పెట్టి 120 సెకన్లు ఆగుతుంది. మనం ఎంటర్ కొట్టకపోతే పాతదానికే వెళ్ళిపోతుంది. బాండ్ (రెండు పోర్టులను ఒకటిగా కట్టడం), బ్రిడ్జ్ (పోర్టులను సాఫ్ట్‌వేర్ స్విచ్‌లా కలపడం) పారామీటర్లను మాత్రం ఇది వెనక్కి తీసుకురాలేదు కాబట్టి వాటిని కన్సోల్ నుంచే మార్చండి.

కీ నొక్కాల్సిందే అన్నది పాతకాలపు మాట. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ, బీఎంసీతో మాట్లాడడానికి రెడ్‌ఫిష్ ప్రమాణం తెచ్చింది. హెచ్‌టీటీపీఎస్ మీద బీఎంసీకి చిన్న జేసన్ (సెట్టింగులు రాసిన టెక్స్ట్) పంపితే చాలు. కార్డు ఏ పోర్టు నుంచి బూట్ అవ్వాలి, ఎస్‌ఆర్-ఐఓవీ (ఒక కార్డును వర్చువల్ మెషిన్లకు పంచే సదుపాయం) ఆన్‌లో ఉండాలా లాంటివి కార్డు, ఫర్మ్‌వేర్ సపోర్ట్ చేసినంతవరకూ అక్కడి నుంచే మార్చొచ్చు. ఇలాంటివి చాలావరకు వెంటనే అమల్లోకి రావు, తర్వాతి రీబూట్ దాకా పెండింగ్‌లో ఉంటాయి. అది తెలియక "మార్చినా మారలేదు, రిమోట్ పనిచేయదు" అని తేల్చేసినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక పీఎక్స్‌ఈ. దీని మీద ఉన్నంత చెడ్డపేరు దేని మీదా లేదు, అందులో ఎక్కువ భాగం అన్యాయం. 1999లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచీ అది చేసే పని ఒకటే. కార్డు డీహెచ్‌సీపీని (అడ్రసులు పంచే సర్వర్) ఐపీ అడుగుతుంది, బూట్ ఫైలు పేరు తెలుసుకుంటుంది, దాన్ని టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతిలో దించుకుంటుంది. ఎక్కడ ఆగిందో స్క్రీన్ మీదే చెప్తుంది కూడా. పీఎక్స్‌ఈ-ఈ51 అని వస్తే డీహెచ్‌సీపీ జవాబే రాలేదు. ఈ53 అంటే ఐపీ వచ్చింది, ఫైలు పేరు రాలేదు. ఈ32 అంటే టీఎఫ్‌టీపీ సర్వర్ పలకలేదు. ఈ అంకె చూడకుండా "పీఎక్స్‌ఈ ఇంతే" అని కన్సోల్ మూసేస్తే ఎలా?

ఈ51 వచ్చిన చాలాచోట్ల తప్పు స్విచ్ వైపే ఉంటుంది. నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా స్విచ్ నడిపే స్పానింగ్ ట్రీ మామూలుగా పోర్టును 15 సెకన్లు వింటూ, మరో 15 సెకన్లు నేర్చుకుంటూ ఆపి ఉంచుతుంది. ఈ 30 సెకన్లలో కార్డు అడిగింది అడిగినట్టే పోతుంది. పైగా కార్డులోని బూట్ రోమ్ తర్వాత బూట్‌లోడర్, దాని తర్వాత ఇన్‌స్టాలర్ కెర్నల్, ఎవరికి వారు కార్డును రీసెట్ చేసినప్పుడల్లా లింక్ పడి లేస్తుంది, ఆ 30 సెకన్లు మళ్ళీ మొదలవుతాయి. సర్వర్ పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆగడం లేకుండా పోర్టును వెంటనే తెరిచే సెట్టింగు) పెడితే ఈ బాధ ఉండదు. రెండో అనుమానితుడు ఎల్‌ఏసీపీ, అంటే బాండ్ కట్టడానికి రెండు వైపులా మాట్లాడుకునే పద్ధతి. స్విచ్‌లో రెండు పోర్టులను బాండ్‌గా కట్టేసి ఉంచుతాం, కానీ బూట్ దశలో కార్డుకు సాధారణంగా ఎల్‌ఏసీపీ రాదు, దాంతో స్విచ్ పోర్టునే ఆపేస్తుంది. ఎల్‌ఏసీపీ జవాబు రాకపోయినా పోర్టు పనిచేసేలా స్విచ్‌లో ఫాల్‌బ్యాక్ ఆన్ చేయాలి. మూడోది, యూఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) మెషిన్‌కు పాత బయోస్ ఫైలు ఇవ్వడం. కార్డు తన డీహెచ్‌సీపీ అభ్యర్థనలోని ఆప్షన్ 93లో మెషిన్ రకం చెప్తూనే ఉంటుంది, డీహెచ్‌సీపీ దాన్ని చూసి సరైన ఫైలు ఇవ్వాలి.

టీఎఫ్‌టీపీ నెమ్మది అన్న ఫిర్యాదు మాత్రం ఒప్పుకుంటాను. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందని జవాబు వచ్చాకే ఇంకోటి పంపుతుంది. దూరపు సైట్‌కు పెద్ద ఇమేజ్ అలా పంపితే తెల్లారిపోతుంది. యూఈఎఫ్‌ఐ 2.5 నుంచి హెచ్‌టీటీపీ బూట్ ఉంది. అది లేని మెషిన్లలో ఐపీఎక్స్‌ఈ అనే చిన్న బూట్‌లోడర్ ఒక్కటీ టీఎఫ్‌టీపీలో దించి, మిగతాదంతా హెచ్‌టీటీపీలో తెచ్చుకోవచ్చు.

పెన్‌డ్రైవే సేఫ్ అన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది. ఒకసారి 12 సర్వర్లకు మా టీమ్ చేత్తోనే ఓఎస్ వేసింది. తొమ్మిదో సర్వర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టగానే డిస్కుల పేర్లు ఒక అక్షరం జరిగాయి. అలసిపోయిన కుర్రాడు అలవాటుగా ఎస్‌డీబీ అనే పేరున్న డిస్క్ ఎంచుకుని ఎంటర్ కొట్టాడు. ఆ మెషిన్‌లో ఎస్‌డీబీ అంటే డేటా డిస్క్. కిక్‌స్టార్ట్ ఫైలులో (ఇన్‌స్టాలర్‌కు జవాబులన్నీ ముందే రాసిచ్చే ఫైలు) డిస్క్‌ను సీరియల్ నంబర్‌తో రాసి ఉంటే ఆ రాత్రి అలా అయ్యేది కాదు.

ఆటోమేషన్‌లోనూ డిస్క్ చెరిగిపోయే దారి ఉంది, దాచను. బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ మొదట ఉండిపోతే, ఎప్పుడో రీబూట్ అయినప్పుడు ఇన్‌స్టాలర్ మళ్ళీ మొదలై ఉన్నదంతా తుడిచేస్తుంది. అందుకే రెడ్‌ఫిష్‌లో బూట్ ఓవర్‌రైడ్‌ను 'వన్స్' అనే పెట్టాలి. ఆ ఒక్కసారికే నెట్‌వర్క్, తర్వాత మళ్ళీ డిస్క్.

చివరిది, బీఎంసీ భద్రత. ఇందులో నిజం ఉంది. బీఎంసీతో మాట్లాడే పాత ప్రమాణమైన ఐపీఎంఐ 2.0లో యూజర్‌నేమ్ తెలిస్తే చాలు, లాగిన్ పూర్తి కాకముందే బీఎంసీ ఆ యూజర్ పాస్‌వర్డ్ నుంచి తయారైన హ్యాష్ (గుప్తరూపం) పంపేస్తుంది. అది పట్టుకెళ్ళి తీరిగ్గా పాస్‌వర్డ్ కనిపెట్టొచ్చు. ఈ లోపం ఆ ప్రమాణంలోనే ఉంది, ప్యాచ్‌తో పోయేది కాదు. అంతమాత్రాన బీఎంసీ పీకేయనక్కర్లేదు. బీఎంసీలకు వేరే వీఎల్యాన్ (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఇవ్వండి, ఇంటర్నెట్ నుంచి చేరే దారి ఉంచకండి, రెడ్‌ఫిష్ ఉన్నచోట ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ ఆపేయండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి.

మనిషి వెళ్ళక తప్పని సందర్భాలు లేకపోలేదు. ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో కేబుల్ కోసం పెట్టే మాడ్యూల్) చచ్చిపోయినా, కేబుల్ తప్పు పోర్టులో ఉన్నా, బీఎంసీయే బిగుసుకుపోయి రీసెట్‌కు పలకకపోయినా వెళ్ళాల్సిందే. వెళ్ళేవాళ్ళకు ర్యాక్ నంబరు, సర్వర్ సీరియల్ నంబరు, ఎల్‌ఎల్‌డీపీలో (ఏ పోర్టుకు ఏది కలిసి ఉందో పరికరాలు చెప్పుకునే పద్ధతి) కనిపించిన స్విచ్ పోర్టు కాగితం మీద రాసివ్వండి.